పెళ్లి ఫొటోలన్నీ లాక్ అయ్యాయి, ఫార్మాట్ కొడితే తిరిగొస్తాయా?

నర్సంపేట స్టూడియో:

అన్నలూ, కొంచెం అర్జెంటు. నర్సంపేటలో మాది ఫొటో స్టూడియో. షాపులో రెండు సిస్టమ్‌లున్నాయి. ఒకదాంట్లో ఆల్బమ్ డిజైనింగ్, వీడియో ఎడిటింగ్ చేస్తాం, రెండోది బిల్లింగుకీ పాస్‌పోర్ట్ ఫొటోలకీ. నిన్న సాయంత్రం డిజైనింగ్ సిస్టమ్ మీద విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక బాక్స్ వచ్చింది. శాతం పెరుగుతూ ఉంది. అప్‌డేటే కదా అని మా పిల్లగాడు దాన్ని వదిలేసి చాయ్‌కి పోయాడు. తిరిగొచ్చి చూస్తే ఒక్క ఫొటో తెరుచుకోవట్లేదు. ప్రతి ఫైలు పేరు చివర అర్థంపర్థం లేని నాలుగు ఇంగ్లిషు అక్షరాలు తగిలించి ఉన్నాయి. ప్రతి ఫోల్డర్‌లో రీడ్‌మీ అని ఒక నోట్‌ప్యాడ్ ఫైలు. మీ ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ చేశాం, 980 డాలర్లు కడితే తెరిచే కీ ఇస్తాం, 72 గంటల్లోపు మాట్లాడితే సగం ధర, 490కే ఇస్తాం అని అందులో ఉంది. కింద రెండు మెయిల్ ఐడీలు. నమ్మకం కోసం ఒక ఫైలు ఫ్రీగా తెరిచి చూపిస్తారట.

ఈ సీజన్ పెళ్లిళ్లన్నీ దాంట్లోనే ఉన్నాయి. బ్యాకప్‌కి వాడే హార్డ్ డిస్క్ కూడా అప్పుడు సిస్టమ్‌కే పెట్టి ఉంది, దాంట్లోవీ పోయాయి. ఒక పార్టీ వాళ్లది వచ్చే వారం పదహారు రోజుల పండుగ. ఆలోపు ఆల్బమ్ చేతిలో పెడతానని మాటిచ్చాను.

పిల్లగాణ్ని గట్టిగా అడిగితే, మధ్యాహ్నం ఫొటోషాప్‌లో ముఖాలు నున్నగా చేసే ప్లగిన్ ఒకటి యూట్యూబ్ వీడియో కింద లింకులో దొరికితే వేశానన్నాడు. ఇక్కడ ఒక సర్వీస్ షాపతను ఫార్మాట్ కొట్టి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో అన్నీ తీసిస్తా, పదిహేను వేలు అంటున్నాడు. ఇంకొకాయన డాలర్లు కట్టేయడమే మేలంటున్నాడు. అసలు ఇది ఎట్లా వచ్చింది, ఎట్లా పోతుంది, ఫొటోలు వస్తాయా రావా? టెన్షన్‌తో అన్నం దిగట్లేదు.

భూపాలపల్లి పోరగాడు:

అన్నా ఏం కాదు. మంచి యాంటీవైరస్ వేసి ఫుల్ స్కాన్ కొట్టు. ఫైళ్ల పేర్ల చివర ఆ నాలుగక్షరాలు తీసేసి మళ్లీ జేపీజీ అని పెట్టు. నా ల్యాప్‌టాప్‌కి షార్ట్‌కట్ వైరస్ వస్తే ఇట్లనే పోయింది.

చౌరస్తా సర్వీస్:

తమ్మీ భూపాలపల్లి, షార్ట్‌కట్ వైరస్ ఫైళ్లను దాచిపెట్టేది, అంతే. ఇది ఫైలు లోపలి సమాచారాన్నే మార్చేస్తుంది. పేరు మారిస్తే పేరే మారుతుంది, ఫొటో రాదు.

స్టూడియో అన్నా, నేను హన్మకొండలో కంప్యూటర్ సర్వీస్ చేస్తాను. స్టూడియోల నుంచి, డీటీపీ షాపుల నుంచి ఈ కేసు మా టేబుల్ మీదికి వస్తూనే ఉంటుంది. మీరు చెప్పిన గుర్తులన్నీ, ఆ నాలుగక్షరాల తోక, రీడ్‌మీ నోటు, 980, 490 డాలర్ల లెక్క, దొంగ అప్‌డేట్ బాక్స్, అన్నీ స్టాప్-డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్‌వే, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్‌వే. 2018 నుంచి తిరుగుతోంది. పెద్ద కంపెనీల జోలికి పోదు, మనలాంటి చిన్న షాపులు, ఇళ్లే దానికి గిరాకీ.

ముందు చేయాల్సిన పని: ఆ సిస్టమ్‌కి నెట్ కేబుల్ పీకేయండి, స్విచ్ ఆపేయండి. ఇంకో పెన్‌డ్రైవ్ గానీ కెమెరా కార్డు గానీ దానికి పొరపాటున కూడా పెట్టకండి. ఇది ఒకసారి లాక్ చేసి ఊరుకునే రకం కాదు. విండోస్‌లో టైముకు పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో తనకో పని పెట్టుకుని ఐదు నిమిషాలకోసారి మళ్లీ లేస్తుంది, కొత్తగా వచ్చిన ఫైళ్లను కూడా లాక్ చేస్తుంది. బిల్లింగ్ సిస్టమ్‌లోకి తనంతట తాను దూకదు గానీ, రెండింటి మధ్య ఫోల్డర్ షేరింగ్ ఉంటే ఆ ఫోల్డర్‌ని వదిలిపెట్టదు. అది కూడా ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు ఎట్లా వచ్చిందో. ఆ ప్లగిన్ జిప్ ఫైలుగా వచ్చి ఉంటుంది, దానికి పాస్‌వర్డ్ ఉండి ఉంటుంది, ఆ పాస్‌వర్డ్ వీడియో కిందే రాసి ఉంటుంది. పిల్లగాణ్ని అడిగి చూడండి. జిప్‌కి పాస్‌వర్డ్ ఎందుకంటే, లోపల ఏముందో బ్రౌజర్‌కీ యాంటీవైరస్‌కీ కనిపించకుండా ఉండటానికి. తర్వాతి లైన్లో "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి, క్రాక్ కాబట్టి తప్పుగా వైరస్ అని చూపిస్తుంది" అని ఉంటుంది. మనవాళ్లు బుద్ధిగా ఆఫ్ చేస్తారు. ఇంతకంటే మర్యాదగా ఇంట్లోకి వచ్చిన దొంగను నేను చూడలేదు. విండోస్‌ని, ఆఫీస్‌ని డబ్బు కట్టకుండా యాక్టివేట్ చేసే క్రాక్‌లతో కూడా ఇదే వస్తుంది.

లోపలికి వచ్చాక ముందు తన సర్వర్‌కి ఫోన్ కొడుతుంది, అంటే నెట్ ద్వారా మీ సిస్టమ్ కోసం విడిగా ఒక కీ తెచ్చుకుంటుంది. సర్వర్ దొరక్కపోతే తనతోపాటు తెచ్చుకున్న పాత కీ వాడుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మీ అదృష్టం దీని మీదే ఉంది. తర్వాత విండోస్ దాచుకున్న పాత కాపీలను, అంటే షాడో కాపీలను, తుడిచేస్తుంది, అందుకే పాత తేదీకి రిస్టోర్ చేద్దామంటే ఏమీ దొరకదు. హోస్ట్స్ ఫైలు మార్చి యాంటీవైరస్ సైట్లు తెరుచుకోకుండా చేస్తుంది. వెంట తరచుగా పాస్‌వర్డ్‌లు దొంగిలించేది ఇంకొకటి కూడా తెస్తుంది. ఆ సిస్టమ్‌లో క్రోమ్‌లో సేవ్ చేసుకున్న జీమెయిల్, ఫేస్‌బుక్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఏవున్నా ఈ రాత్రే ఫోన్‌లోంచి మార్చండి. ఫొటోల గొడవలో పడి అందరూ మరిచిపోయేది ఇదే. వారం తర్వాత స్టూడియో పేజీ పోయిందని మళ్లీ వస్తారు.

వైరస్ తీయడం పెద్ద పని కాదు. కానీ దొంగ ఇంట్లోంచి పోయినంత మాత్రాన బీరువా తాళం మన చేతికి రాదు. యాంటీవైరస్ ఆ ప్రోగ్రామ్‌ని తీసేస్తుంది, లాక్ అయిన ఫొటోలు లాక్‌లోనే ఉంటాయి. అందుకే ఫార్మాట్ వద్దంటున్నాను. ఆ డిస్క్ విప్పి, కవర్లో పెట్టి, పైన తేదీ రాసి అల్మారాలో పెట్టండి. కొత్త ఎస్ఎస్‌డీ కొని దాంట్లో విండోస్ ఫ్రెష్‌గా వేయించండి. దీన్ని మించిన శుభ్రం ఏ క్లీనింగ్ సాఫ్ట్‌వేర్ చేయలేదు, పైగా మీ షాపు రేపే నడుస్తుంది.

పదిహేను వేల సంగతి. ఫార్మాట్ కొట్టి రికవరీ చేస్తే లాక్ అయిన ఫైళ్లే మళ్లీ వస్తాయి. ఆయన తీసిస్తానంటే, ముందు ఒక్క ఫొటో తీసి చూపించమనండి. కొందరు లోపాయికారీగా ఆ మెయిల్ ఐడీకే రాసి, వాళ్లకు సగం ధర కట్టి, మన దగ్గర ఎక్కువ తీసుకుంటారు. అమెరికాలో డేటా రికవరీ పేరుతో కంపెనీలు ఇదే పని చేస్తున్నాయని 2019లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ బయటపెట్టింది. ఇక డాలర్లు కట్టడం: 490 అంటేనే 40 వేలు దాటుతుంది, అదీ బిట్‌కాయిన్‌లో. కట్టాక కీ ఇవ్వకపోతే ఏ ఊళ్లో పంచాయితీ పెడతారు? నేనైతే కట్టమని చెప్పను.

కీ విషయానికొద్దాం. డిస్క్ విప్పేముందు సీ డ్రైవ్‌లో సిస్టమ్ఐడీ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో పర్సనల్ఐడీ అనే టెక్స్ట్ ఫైలు. దాన్ని తెరిచి ఫోన్‌తో ఫొటో తీయండి. పొడుగాటి అక్షరాల వరుస ఉంటుంది. అది చిన్న టీ, ఒకటి అంకెతో ముగిస్తే, తనతో తెచ్చుకున్న కీతో లాక్ చేసినట్టు. దీన్నే ఆఫ్‌లైన్ కీ అంటారు. అదే రకం పడిన వాళ్లందరికీ అదే కీ కాబట్టి, ఎవరి దగ్గరి నుంచైనా అది బయటికొస్తే మీ ఫైళ్లు కూడా తెరుచుకుంటాయి. ఎమ్సిసాఫ్ట్ అనే కంపెనీ దీనికి ఉచితంగా డిక్రిప్టర్, అంటే తాళం తీసే ప్రోగ్రామ్, ఇస్తోంది. 2019 అక్టోబరులో వచ్చింది, అప్పటికున్న రకాల్లో 148కి పనిచేసేది. ఆ తర్వాత వచ్చిన కొత్త రకాలకు మాత్రం ఆఫ్‌లైన్ కీ అయి ఉండాలి, ఆ కీ వాళ్ల దగ్గరికి చేరి ఉండాలి. వేరే అక్షరాలతో ముగిస్తే సర్వర్ ఇచ్చిన కీ. అది ఆర్ఎస్ఏ 2048 బిట్లు అనే చాలా గట్టి తాళం. ఆ కీ లేకుండా నేను కాదు కదా, ఎవరూ తెరవలేరు.

ఆ ఐడీ ఎట్లా ముగిసిందో ఇక్కడ రాయండి. ఫొటోల గురించి ఇంకా చెప్పేది ఉంది.

ఆడిటాఫీస్ అక్క:

తమ్ముడూ, మాది కరీంనగర్. క్రాక్ ఒక్కటే దారి అనుకోకండి, మాకు ఇంకో దారిలో వచ్చింది. నేను పనిచేసే ఆడిట్ ఆఫీసులో టాలీ సర్వర్‌ని ఇంటి నుంచి తెరుచుకోవడానికి కరోనా టైంలో రిమోట్ డెస్క్‌టాప్ పెట్టారు. నేరుగా నెట్‌కి తెరిచి, పాస్‌వర్డ్ ఆఫీసు పేరూ 123. ఎవరూ ఏదీ డౌన్‌లోడ్ చేయలేదు, ఏ మెయిలూ తెరవలేదు. బయటోళ్లు మిషన్లు పెట్టి రాత్రింబవళ్లు పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తూనే ఉంటారట. శనివారం రాత్రి లోపలికొచ్చారు. ఆదివారం సెలవు, మాకు తెలిసింది సోమవారం. క్లయింట్ల టాలీ డేటా, అదే మిషన్‌లో పెట్టుకున్న బ్యాకప్, రెండూ లాక్. వాళ్లడిగిన డబ్బు మీది కంటే చాలా ఎక్కువ, ఎందుకంటే మనిషే లోపలికొచ్చి ఏముందో చూసి ధర కడతాడు.

మేమెట్లా బయటపడ్డామంటే, జీఎస్‌టీ రిటర్నులు పోర్టల్‌లో ఎట్లాగూ ఉంటాయి. మిగిలింది క్లయింట్లకు మేం ఎప్పటికప్పుడు మెయిల్ చేసిన కాపీల్లోంచి ఏరుకున్నాం. ఒక రైస్ మిల్లు సేటు దగ్గర మార్చి వరకు ఉన్న డేటా పెన్‌డ్రైవ్‌లో దొరికింది. మా దగ్గర లేనిది వాళ్ల దగ్గర ఉంది. మీరూ మీ పార్టీలను అడగండి. పరువు పోతుందని దాచిపెడితే అసలే దొరకదు.

చౌరస్తా సర్వీస్:

అక్క చెప్పిన చివరి మాట నేను చెప్పబోయేదే. స్టూడియోకి ఇది ఆడిటాఫీసు కంటే సులువు. ఆలోచించండి, ఒక పెళ్లి ఫొటోలు మీ డిస్క్‌లో పడేలోపు, పడ్డాక, ఎన్నిచోట్లకు పోతాయి?

మొదటిది కెమెరా కార్డులు. ఆ పెళ్లి తీసిన కార్డులతో ఇక ఒక్క క్లిక్ కూడా కొట్టకండి. కెమెరాలో ఫార్మాట్ చేసినా మామూలుగా పైపై పట్టికే పోతుంది, ఫొటోలు అట్లాగే ఉంటాయి, వాటి మీద కొత్తవి పడేదాకా. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, బిల్లింగ్ సిస్టమ్‌లోనే వేసి చూడొచ్చు. ఫైలు పేర్లు రావు, ఫొటోలు వస్తాయి.

రెండోది సెలెక్షన్ కోసం పార్టీకి ఇచ్చిన పెన్‌డ్రైవ్. పెళ్లివాళ్లింట్లో ఆ పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టి ఉంటుంది, చుట్టాలొచ్చినప్పుడల్లా చూపిస్తుంటారు. తెచ్చుకుని కొత్త విండోస్‌లోకి కాపీ చేసుకోండి. మూడోది ఆల్బమ్ ల్యాబ్. షీట్లు డ్రైవ్‌లో పంపిస్తారు కదా, మీరు పంపిన లింకులు ఇంకా బతికే ఉండొచ్చు, ల్యాబ్ వాళ్ల సిస్టమ్‌లో కూడా కొన్నాళ్లు ఉంటాయి. ఇవాళే ఫోన్ చేయండి, వాళ్లు డిలీట్ చేసేలోపు. నాలుగోది, పెళ్లికి యూట్యూబ్ లైవ్ ఇచ్చి ఉంటే ఆ వీడియో మీ ఛానల్‌లోనే ఉంటుంది. ఎడిట్ చేసినంత బాగుండకపోవచ్చు, తలంబ్రాలు మాత్రం ఉంటాయి.

ఇవన్నీ అయ్యాక లాక్ అయిన డిస్క్ సంగతి. ఈ డీజేవీయూ ప్రతి ఫైలునీ మొత్తం లాక్ చేయదు, మొదటి 150 కేబీ దాకానే చేస్తుంది. తొందరగా పని ముగించాలని. కాబట్టి పెద్ద వీడియోల్లో చాలా భాగం లోపల మామూలుగానే ఉంటుంది. డిస్క్‌ట్యూనా అనే సైటులో మీడియా రిపేర్ అని ఒక ఉచిత టూల్ ఉంది. అదే కెమెరాతో అదే సెట్టింగులో తీసిన బాగున్న క్లిప్ ఒకటి చూపిస్తే, దాన్ని బట్టి పాడైన దాన్ని సరిచేస్తుంది. కెమెరా నేరుగా ఇచ్చే రా (RAW) ఫైళ్లలో లోపల ఒక జేపీజీ ప్రివ్యూ దాగి ఉంటుంది, అది 150 కేబీ తర్వాత ఉంటే దాన్ని కూడా బయటికి లాగొచ్చు. ఫొటోషాప్‌లో డిజైన్ సేవ్ చేసే పీఎస్‌డీ ఫైళ్ల మీద మాత్రం నాకు ఆశ లేదు, డిజైన్ మళ్లీ చేసుకోవాల్సిందే.

నర్సంపేట స్టూడియో:

అన్నా, చెప్పినట్టే చేశాను. పాస్‌వర్డ్ ఉన్న జిప్, యాంటీవైరస్ ఆఫ్ చేయమన్న లైను, అచ్చం అట్లనే ఉందట. పర్సనల్ఐడీ ఫైల్లో రెండు లైన్లున్నాయి, ఒకటి టీ1తో ముగిసింది, ఇంకోటి వేరే. రెండు ఎందుకున్నాయి? కొత్త విండోస్‌లో ఎమ్సిసాఫ్ట్ డిక్రిప్టర్ వేసి కొన్ని ఫైళ్లు చూపించాను. కొన్నిటికి ఆన్‌లైన్ ఐడీ, సాధ్యం కాదు అంది. కొన్నిటికి ఇది ఆఫ్‌లైన్ ఐడీ, ముందు ముందు సాధ్యం కావొచ్చు అంది.

పదహారు రోజుల పండుగ పార్టీ వాళ్ల పెన్‌డ్రైవ్ నిజంగానే టీవీ వెనకాల దొరికింది. ఫుల్ సైజు ఫొటోలే ఇచ్చాం కాబట్టి అన్నీ ఉన్నాయి. వాళ్లకు విషయం చెప్తే అమ్మాయి మేనమామ ముందు గయ్యిమన్నాడు గానీ, ఆయనే బైక్ మీద తెచ్చి షాపులో ఇచ్చాడు. ల్యాబ్‌లో రెండు ఆల్బమ్‌ల షీట్లు దొరికాయి. మహబూబాబాద్ పెళ్లి ఒకటి మాత్రం ఎక్కడా లేదు, కార్డు మీద మళ్లీ షూట్ చేశాం, ఫొటోరెక్‌లో సగం వచ్చాయి. దాని వీడియో లైవ్‌లో ఉంది. ఇంకో ప్రశ్న, పోలీసులకు చెప్పాలా? చెప్తే ముందు క్రాక్ వాడినందుకు నన్నే పట్టుకుంటారని మా వాళ్లు భయపెడుతున్నారు.

చౌరస్తా సర్వీస్:

రెండు లైన్లంటే, మధ్యలో నెట్ ఉన్నప్పుడు కొన్ని, లేనప్పుడు కొన్ని లాక్ చేసిందన్నమాట. టీ1 వాటిని జాగ్రత్త చేయండి. లాక్ అయిన ఫైళ్లు, రీడ్‌మీ నోటు, ఆ పర్సనల్ఐడీ ఫైలు మూడూ కలిసి ఉండాలి. అప్పుడప్పుడు డిక్రిప్టర్ మళ్లీ వేసి చూడండి. ఎప్పుడో ఒకప్పుడు కీలు బయటికొచ్చిన సందర్భాలున్నాయి. టెస్లాక్రిప్ట్ వాళ్లు 2016లో మాస్టర్ కీ వాళ్లే ఇచ్చేశారు. షేడ్ అనే దాన్ని నడిపినవాళ్లు 2020లో ఏడున్నర లక్షల కీలు ఒకేసారి పెట్టేసి క్షమించమన్నారు. వేరే రకం పడిన వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నోమోర్‌రాన్సమ్ అనే సైటు చూడండి. డచ్ పోలీసులు, యూరోపోల్, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో పెట్టారు. లాక్ అయిన ఫైలూ, నోటూ ఇస్తే ఏ రకమో, దానికి తాళం ఉందో లేదో చెప్తుంది. పైసా తీసుకోదు.

ఆడిటాఫీస్ అక్క:

పోలీసుల సంగతి నేను చెప్తాను, మేం ఇచ్చాం కాబట్టి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు, లేదంటే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మీరే నింపొచ్చు. రీడ్‌మీ నోటు, స్క్రీన్ ఫొటో, ఆ మెయిల్ ఐడీలు జత చేయండి. మమ్మల్నెవరూ ఏ సాఫ్ట్‌వేర్ వాడారని అడగలేదు. ఫైళ్లు తెచ్చిస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి. మాకు ఆ కంప్లయింట్ కాగితం క్లయింట్లకు చూపించడానికి పనికొచ్చింది, కథలు చెప్పట్లేదని నమ్మారు. 2019లో హన్మకొండలోని కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ వెబ్‌సైటుకే రాన్సమ్‌వేర్ పడిందని పేపర్లో వచ్చింది కదా, మీరు సిగ్గుపడాల్సింది ఏం లేదు.

భూపాలపల్లి పోరగాడు:

అన్నా నాదో డౌట్. నా ఫొటోలు గూగుల్ డ్రైవ్‌లో ఆటోమేటిక్‌గా సింక్ అవుతాయి. అంటే నాకు భయం లేనట్టే కదా?

చౌరస్తా సర్వీస్:

లేనట్టు కాదు తమ్మీ. సింక్ అంటే సిస్టమ్‌లో ఏం మారితే అక్కడా అదే మారుతుంది. లాక్ అయిన ఫైళ్లు కూడా శుభ్రంగా ఎక్కేస్తాయి. పాత వెర్షన్లు డ్రైవ్‌లో 30 రోజులు ఉంటాయి కాబట్టి వెంటనే చూసుకుంటే వెనక్కి తెచ్చుకోవచ్చు, నెల తర్వాత చూస్తే లేదు. స్టూడియో అన్నకైతే నేను చెప్పేది రెండు హార్డ్ డిస్కులు. వారం మార్చి వారం వాడండి, కాపీ అవగానే పీకి, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో. కాపీ అయిపోయాక కేబుల్ తగిలించి ఉంచితే అది బ్యాకప్ కాదు, ఇంకో డ్రైవ్, అంతే.

కొత్త విండోస్‌లో విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ ప్రొటెక్షన్ కింద రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ చూడండి. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఉంటుంది, ఫ్రీగా వచ్చేదే, కానీ ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసి మీ ఫొటోల ఫోల్డర్ అందులో చేర్చండి. మొదట్లో ఫొటోషాప్‌ని కూడా సేవ్ చేయనివ్వకుండా విసిగిస్తుంది, దాన్ని అనుమతించిన లిస్టులో పెడితే సరిపోతుంది. పిల్లగాడు వాడే లాగిన్‌కి అడ్మిన్ హక్కు తీసేయండి.

నర్సంపేట స్టూడియో:

సరే అన్నా. ఆల్బమ్ డిజైన్ మళ్లీ మొదలుపెట్టాం, ఇవాళ రాత్రికి షీట్లు ల్యాబ్‌కి పోతాయి. ఒకటే అడుగుతా, క్రాక్ లేకుండా పని నడిచే దారేమన్నా ఉందా? రెండు సిస్టమ్‌లకు నెలనెలా కట్టాలంటే ఆఫ్ సీజన్‌లో కష్టం.

చౌరస్తా సర్వీస్:

డిజైనింగ్ చేసే ఒక్క సిస్టమ్‌కే ఫొటోషాప్ తీసుకోండి. పాస్‌పోర్ట్ ఫొటోలకు జింప్ అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. పీఎస్‌డీ ఊరికే తెరిచి చూడాలంటే ఫొటోపీ అనే సైటు బ్రౌజర్‌లోనే తెరుస్తుంది. వీడియోకి డావిన్సీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ పెళ్లి వీడియోకి సరిపోతుంది, కానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. మీ సిస్టమ్ కాన్ఫిగరేషన్ ఏంటో రాయండి, నడుస్తుందో లేదో చెప్తాను.